గోదాట్లో దొరికిన ఇంజను మూత

రాజమండ్రి రేవులో ఆవిరి లాంచీలు బాగుచేసే షెడ్డుకు మేస్త్రీ రాజరత్నం. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఏ వస్తువైనా సరే, కళ్ళు గట్టిగా మూసుకుని చేత్తో తడిమితేగానీ అదేమిటో చెప్పడు. "కళ్ళకేమండీ, తుప్పును చూసి బెదిరిపోతాయి. వేళ్ళు అబద్ధం చెప్పవు" అనేవాడు. తనొక్కడే మూసుకుంటే పోనీలే అనుకోవచ్చు. షెడ్డులో ఉన్న ఎనిమిది మంది చేతా మూయించేవాడు. బోల్టు పట్టుకుని ఎవరైనా రెప్ప ఎత్తారో, ఆ పూట వాళ్ళు బొగ్గు మోయాల్సిందే.

షెడ్డుతో ఊరుకున్నాడా, ఊళ్ళోనూ అదే వరస. బజారులో వంకాయలు కళ్ళు మూసుకుని ఏరేవాడు. ఒకసారి అలా ఏరుతూ ఏరుతూ పక్కన వంగిన షావుకారు బట్టతల తడిమి, "ఇది ముదురు, వద్దు" అన్నాడు. తమ్ముడి పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లను చూడమంటే కళ్ళు మూసుకుని కూర్చుని, "గొంతు బాగుంది, ఖాయం చేసుకోండి" అన్నాడు. ఆ సంబంధం కుదిరింది కూడా.

లాంచీల యజమాని కొడుకు చినబాబు మద్రాసులో చదువు ముగించుకొచ్చి షెడ్డు పెత్తనం తీసుకున్నాడు. మొదటిరోజే ఈ తంతు చూసి అదిరిపడ్డాడు. ఎనిమిది మంది మగాళ్ళు మరమేకుల ముందు జపానికి కూర్చున్నట్టున్నారు.

"ఏంటయ్యా ఇది, షెడ్డా మఠమా?"

"షెడ్డేనండి. తమరూ మూసుకుని కూర్చోండి, అలవాటైపోతుంది."

చినబాబుకు ఒళ్ళు మండింది. దీన్ని మాన్పించకపోతే నా పేరు చినబాబే కాదనుకున్నాడు.

శివరాత్రి ఇంకా ఆరు రోజులుందనగా వాళ్ళ లాంచీ పట్టిసీమ రేవులో చచ్చి కూర్చుంది. ఇంజను సిలిండరు మీది ఇనపమూత పగిలి, ముక్కలు గోదాట్లో పడిపోయాయి. కొత్తది ఇంగ్లండు నుంచి ఓడలో రావాలంటే మూడు నెలలు. శివరాత్రికి జనాన్ని పట్టిసీమ వీరభద్రుడి గుడికి చేరవేస్తామని వాళ్ళ నాన్న అప్పటికే ఊరూరా దండోరా వేయించాడు. పెత్తనం చేతికొచ్చిన మొదటి ఏడే పరువు పోయేట్టుందని చినబాబుకు అన్నం సహించలేదు.

అప్పుడు తెలిసింది, కొవ్వూరు ఒడ్డున చేపలమ్మే తలుపులమ్మ ఇంట్లో గుండ్రటి ఇనపమూత ఒకటుందని. వెళ్ళి చూస్తే, దానికి పసుపు పూసి, ఎనిమిది బోల్టు కన్నాలకూ ఎనిమిది బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది.

"తలుపులమ్మా, ఇది ఇంజను మూతే!"

"అమ్మోరండి బాబుగారూ! మా ఆయన వలలోకి తనంతట తనే వచ్చి పడింది. మూతంటారేంటండి, చెంపలేసుకోండి."

చినబాబు చెంపలేసుకున్నాడు. శివరాత్రికి అమ్మవారి చేతుల మీదుగా జనం పట్టిసీమ వెళ్తారని బతిమాలితే, రోజూ బొట్టు పెట్టాలన్న షరతు మీద ఇచ్చింది.

మూతైతే దొరికింది. అది ఏ ఇంజనుదో ఎవరికి తెలుసు? ఏటికి ఎదురు పడవ మీద పట్టిసీమ చేరడానికి రెండు రోజులు. తీరా అక్కడ అతక్కపోతే పండగ దాటిపోతుంది. చినబాబు మూతను షెడ్డు మధ్యలో పెట్టించాడు.

"రాజరత్నం, ఇదే ఆఖరు. ఇది మన ఇంజనుకి పడుతుందో లేదో నీ పద్ధతిలోనే చెప్పు. తప్పయిందా, రేపట్నుంచి అందరూ కళ్ళు తెరిచే పని చెయ్యాలి. చెయ్యలేనివాళ్ళు ఇంటికెళ్ళాలి."

ఎప్పుడూ నవ్వే రాజరత్నం మొహం పాలిపోయింది. ఒక పిచ్చి వదులుకోవడానికి ఇంత బాధేమిటో చినబాబుకు అర్థం కాలేదు. రాజరత్నం జేనతో కొలిచాడు, కన్నాల్లో వేళ్ళు పెట్టాడు, గంటసేపు తడిమి చెమటలు కక్కాడు.

"మనదానిలాగే ఉందండి. కానీ ఒట్టేసి చెప్పలేను. అప్పాజీగారి చెయ్యి పడాలి."

అప్పాజీ షెడ్డులో అందరికంటే పెద్దవాడు, రాజరత్నానికి పని నేర్పినవాడు. మూలన పీట మీదనుంచి కదలకుండా బోల్టులు ఏరుతూ ఉంటాడు. మూత తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టారు. షెడ్డంతా కళ్ళు మూసుకుంది. అప్పాజీ వేళ్ళు అంచు చుట్టూ తిరిగి తిరిగి ఒక్కచోట ఆగాయి. ముసలాయన తెగ సిగ్గుపడిపోయాడు.

"ఈ గాటు నాదేనండి. ఇరవయ్యేళ్ళ కిందట వరదలో ములిగిపోయిన మన రెండో లాంచీ లేదూ, దానిదండి ఈ మూత. బిగిస్తుంటే ఉలి జారింది. పెద్దయ్యగారు తిడతారని తారు పూసేశాను. ఇన్నాళ్ళకి గోదారమ్మ పట్టిచ్చేసింది."

"అయితే మన ఇంజనుకి?"

"రెండు ఇంజన్లూ ఒక్క అచ్చులో పోసినవేనండి. తీసుకెళ్ళి బిగించెయ్యండి."

పడవ బయల్దేరింది. శివరాత్రి ముందురోజు మధ్యాహ్నం, బొట్టు పెట్టుకున్న మూతతో లాంచీ కూత వేసుకుంటూ రాజమండ్రి రేవులోకి వచ్చింది. చినబాబు ఆనందం పట్టలేక షెడ్డుకు పరిగెత్తాడు. కొత్త పంచెలూ తాంబూలమూ ఉన్న పళ్ళెం అప్పాజీ ముందుకు చాపాడు. అప్పాజీ చేతులు పళ్ళేనికి జానెడు పక్కన వెతుక్కున్నాయి. రాజరత్నం చటుక్కున ఆ చేతుల్ని పళ్ళెం మీదికి జరిపి, తనూ కళ్ళు మూసేసుకున్నాడు.

"తాంబూలం కూడా కళ్ళు మూసుకునే పుచ్చుకోవాలండి. మా షెడ్డు ఆచారం."

చినబాబు మొదటిసారి అప్పాజీ కళ్ళకేసి సరిగ్గా చూశాడు. తెరిచే ఉన్నాయి, కానీ రెండిటినీ తెల్లటి పొర కప్పేసి ఉంది. రాజరత్నాన్ని బయటికి లాక్కెళ్ళాడు.

"ఈ కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయింది?"

"ఆరేళ్ళండి."

"ఆయన చూపు పోయి?"

"అదీ ఆరేళ్ళేనండి. తెలిస్తే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో కూర్చుంటే ఆయన బతకడండి. అందరం మూసుకుంటే ఎవరికి కనబడట్లేదో ఎవరికి తెలుస్తుందండి?"

"మరి బజార్లో వంకాయలెందుకయ్యా?"

"షెడ్డులోనే మూసుకుంటే ఊరికి అనుమానం రాదాండీ?"

చినబాబుకు నవ్వు ఆగలేదు. ఇలాంటివాడితోనా పందెం వేశాను అని సిగ్గూ వేసింది. లోపలికొచ్చి, పనివాళ్ళ మధ్య చతికిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతికి దొరికినదాన్ని తడిమాడు.

"ఇది బాయిలరు మూత" అన్నాడు దర్జాగా.

"కాదు బాబుగారూ" అన్నాడు మూలనుంచి అప్పాజీ. "అది రాజరత్నం వాళ్ళావిడ పంపిన పచ్చడి జాడీ మూత. వాసన తెలియట్లేదాండీ?"