ఆంటీ బేస్ గిటార్‌కు నా ఎడమ చెయ్యి

ఆంటీ పోయారు. పోయిన వారం అంకుల్ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు నుంచి వస్తూ కాన్‌బెర్రాలోని గంగాలిన్ స్టాప్‌లో లైట్ రెయిల్ దిగుతున్నాను. "మీ ఆంటీ వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే. బాధేం పడలేదు," అన్నారు. ఆ తర్వాత కూడా ఫోన్ ఎవరమూ పెట్టెయ్యలేదు. జనం నన్ను తప్పుకుంటూ ఇళ్ళకు పోతున్నారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో కేరమ్ డౌన్స్‌లోని వాళ్ళింట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. వాళ్ళు గుంటూరు వైపు క్రైస్తవులు, మాది కరీంనగర్. ఆంటీ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. ఇంట్లో ఉన్నంతసేపూ అంకుల్ పాత స్వెట్టరే ఆవిడ ఒంటిమీద.

వెళ్ళిన కొత్తలో నాకేమీ బాగుండేది కాదు. యూనివర్సిటీకి పోవడం, రావడం, తలుపేసుకుని మంచం మీదే అన్నం తినడం. అమ్మతో మాట్లాడినప్పుడల్లా వచ్చేస్తానని ఏడుపు. అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం మంచం పక్క గోడలోంచి ఏదో మోత మొదలైంది. చెవి కంటే ముందు నా వీపుకు తెలిసింది. లేచి వెళ్ళి చూద్దును కదా, గోడకవతల గరాజ్‌లో ఆంటీ ఒక పెద్ద గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చుట్టూ బీరువాలంత ఆంప్లిఫయర్లు, పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులవి. పాత ఆంప్లిఫయర్ల పిచ్చి ఉన్న మరో ముగ్గురు నలుగురు తెల్లవాళ్ళు టీ కప్పులు పట్టుకుని గొప్ప వాదనలో ఉన్నారు.

"రామ్మా, నిలబడ్డావేం? ఆ స్టూల్ లాక్కో," అన్నారు ఆంటీ, ఎప్పటినుంచో నాకోసం చూస్తున్నట్టు.

అది బేస్ గిటారట. లావు తీగలు నాలుగే. వాళ్ళ తెలుగు చర్చి మొదలైనప్పుడు మామూలు గిటార్ వాయిస్తామని పోటీపడ్డారట గానీ, దీన్ని ఎవరూ ముట్టలేదట. "పాపం, ఒక్కతే మూలన పడుంది. నాకూ ఇక్కడికొచ్చిన కొత్త. ఇద్దరం కలిశాం," అని నవ్వారు.

ఆ శనివారాల సభకు నేనూ శాశ్వత సభ్యురాలినయ్యాను. ఆంప్లిఫయర్ వెయ్యగానే వాయించనిచ్చేవారు కాదు ఆంటీ. వాల్వులు ఎర్రబడేదాకా ఆగాలి. "నిద్రలేపి పాడమంటే నువ్వు పాడతావా? దానికీ కాస్త టైమివ్వాలి," అనేవారు. ఆదివారాలు నన్ను శివవిష్ణు గుడి దగ్గర దింపి తను చర్చికి పోయేవారు. తిరిగొచ్చి కారెక్కించుకోగానే మొదటి మాట, "పులిహోర తెచ్చావా?"

ఆ సభలో అందరికంటే పెద్దాయన ఒక రిటైరైన ట్రామ్ డ్రైవర్. పాత వస్తువంటే ఆయనకు ప్రాణం. ఆంటీ బేస్‌లో పికప్, అంటే తీగల కింద ఉండి వాటి కదలికను శబ్దంగా పంపే అయస్కాంతం, నీరసించిపోయింది. కొత్తది వెయ్యాలా, ఉన్నదానికే మళ్ళీ రాగితీగ చుట్టించాలా అని వారాల తరబడి వాదన. "ఆ పాతది తీసేస్తే ఇది అదే గిటార్ కాదు, లవ్," అని అక్కడివాళ్ళ ఆప్యాయపు పిలుపుతో పెద్దాయన దాదాపు బతిమాలారు. ఆంటీ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి, పాతది ఊడదీసి కొత్తది అతికేశారు. "మ్యూజియంలో పెట్టడానికా ఇది? రేపు పాటలున్నాయి నాకు," అన్నారు తెలుగులోనే. ఆయనకు భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. అలిగి కొన్ని వారాలు రాలేదు. వచ్చిన రోజు మాత్రం కళ్ళు మూసుకుని పాటంతా విని, "దొంగముండది, బాగానే పాడుతోంది," అని అర్థమొచ్చే మాటేదో అన్నారు. ఆ రోజు ఆంటీ గర్వం చూడాలి.

నా రెండో ఏడు శీతాకాలంలో, అంటే అక్కడి జూలైలో, ఆంటీకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక కొంత వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. బేస్‌కు కుడిచేయి తీగ మీటుతుంది, ఎడమచేయి గిటార్ పీక మీది మెట్ల దగ్గర తీగ నొక్కి స్వరం పలికిస్తుంది. ఆ చెయ్యి లేకపోతే ఒక్క పాటా లేదు.

గరాజ్‌కు తాళం పడింది. ఆంటీ చర్చికి రానన్నారు. కిటికీ దగ్గర కూర్చుని, ఆ చేతిని ఎవరిదో వస్తువులా చూసుకునేవారు. ఒకరోజు అంకుల్‌ని పిలిచి, "ఆ ఆంప్‌లన్నీ పెద్దాయన్ని పట్టుకుపొమ్మనండి. నాకెందుకిక," అన్నారు. అంకుల్ వంటగదిలోకొచ్చి నా ముందు ఏడ్చారు.

పెద్దాయన వ్యాన్ తెచ్చారు. ఎత్తేముందు పనిచేస్తోందో లేదో చూస్తానని పెద్ద ఆంప్లిఫయర్ స్విచ్ వేశారు. అది వేడెక్కి, కాసేపటికి తుమ్మెదలా బుయ్యిమనడం మొదలెట్టింది. ఆయన కదల్లేదు. దాన్నలాగే వదిలి, కుర్చీలో కూర్చుని పేపర్ తెరిచారు.

లోపలినుంచి ఆంటీ గొంతు. "ఏంటా మోత? ఎర్త్ సరిగ్గా పెట్టలేదు. ఎవరక్కడ?"

జవాబివ్వబోయిన అంకుల్ని పెద్దాయన కళ్ళతోనే ఆపారు. ఇంకాస్సేపటికి వాకర్ చప్పుడు. ఆంటీ గుమ్మంలోకొచ్చి ఆయన్ని ఇంగ్లీషులో చెడామడా తిట్టారు. ప్లగ్గు సరిచేయించారు. మోత ఆగింది. అప్పుడు ఆవిడ చూపు గోడకు తగిలించిన బేస్ మీద పడింది. చాలాసేపు చూశారు.

"ఇలా రా," అన్నారు నాతో. "పికప్ పోతే మార్చలేదూ? చెయ్యి పోతే చెయ్యి పెడదాం. నా పక్కన కూర్చో."

"అట్లెట్ల ఆంటీ? నాకు రాదు గదా!"

"ఎట్లెట్ల లేదు గిట్లెట్ల లేదు. కూర్చోవే ముందు."

నేను ఆవిడ ఎడమ భుజానికి ఆనుకుని కూర్చున్నాను. గిటార్ పీక నా చేతిలో, ఒళ్ళు ఆవిడ ఒళ్ళో. ఎక్కడ నొక్కాలో ఆంటీ చెప్పారు. కుడి బొటనవేలితో మీటారు. ఒక్క స్వరం గరాజంతా నిండింది. పెద్దాయన పేపర్ మడిచి, వ్యాన్ తలుపు వేసేసొచ్చారు.

క్రిస్మస్ దాకా రోజూ సాధన చేశాం. యూని నుంచి రాగానే టీ, బిస్కెట్లు, ఆంటీ తిట్లు. నా చదువు కూడా ఆ కుర్చీలోనే గట్టెక్కింది. వేళ్ళు మండుతున్నాయంటే పుస్తకం తియ్యమనేవారు, పుస్తకం విసుగొస్తే గిటార్ పట్టమనేవారు. అమ్మతో వచ్చేస్తాననడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

క్రిస్మస్ ఆరాధనకు అంకుల్ మా ఇద్దరికీ వెడల్పాటి బల్ల వేయించారు. గుళ్ళో బొట్టు పెట్టుకుని అలాగే వచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. రెండో చరణంలో నా వేలు సరిగ్గా ఆనక స్వరం గరగరలాడింది. ఆపేద్దామనుకున్నాను. ఆంటీ పాట వదలకుండానే నా చెవి దగ్గరికి వంగారు. "తప్పైనా సరే, గట్టిగా నొక్కు. భయపడి సగం నొక్కితేనే గరగరమంటుంది."

గట్టిగా నొక్కాను. పాట సాగింది. ఇన్నేళ్ళలో ఉద్యోగంలోనూ ఇంట్లోనూ ఏ నిర్ణయానికైనా వెనకాడినప్పుడు ఆ మాటే వినిపిస్తుంది.

నేను కాన్‌బెర్రాకు మారాక కూడా, ఎప్పుడు వెళ్ళినా ఆంటీ ముందు గరాజ్‌లోకే తీసుకుపోయేవారు. మొన్న అంత్యక్రియల్లో పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చారు. నన్ను చూసి నా ఎడమచేతి వేళ్ళ కొసలు తడిమి చూశారు. సాధన లేక మెత్తబడ్డాయన్నట్టు తలూపారు. ఇద్దరం ఒకేసారి నవ్వి, ఒకేసారి ఏడ్చాం.

సమాధి దగ్గర నిలబడ్డాననే గానీ నా మనసంతా ఆ క్రిస్మస్ మధ్యాహ్నం మీదే ఉంది. ఆరాధన అయ్యాక ఆంటీ ఇంటికి పోనివ్వలేదు. అంకుల్ సముద్రం ఒడ్డున కారాపి వేడి చిప్స్ కొనుక్కొచ్చారు. ముందు సీట్లో ఆంటీ అద్దం దించి, మొద్దుబారిన ఎడమ చేతిని కుడిచేత్తో నెమ్మదిగా ఎత్తారు. ఒడిలో కాకుండా కిటికీ బయట నిలబడ్డ నా చేతిలో పెట్టి, ఎండలో వదిలేశారు. నా వేళ్ళ మీద తీగల గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఉప్పుగాలి మా ఇద్దరి చేతుల మీదుగా పోతోంది. ఆంటీ కుడిచేత్తో చిప్స్ తింటూ, కారు బానెట్ మీద వాలిన సీగల్ పిట్టలను తెలుగులో తిడుతున్నారు.