కూర్చోమన్నది ఎవరు?

నాకు నోరెక్కువ. ఈ మాట నా వెనక అన్నవాళ్ళు చాలామంది, ముఖం మీద అన్నవాళ్ళు తక్కువ. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక కార్ల ఫ్యాక్టరీలో, ట్రిమ్ లైన్ మీద, చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. రంగు వేసిన కారు డొల్లగా మా దగ్గరికి వస్తుంది. వైర్లు, రబ్బర్లు, డాష్‌బోర్డు, సీట్లు బిగించుకుని ముందుకు పోతుంది. కారు ఆగదు. మేమే దాని వెంట నడుస్తూ బిగించి, మళ్ళీ వెనక్కొచ్చి తర్వాతి కారును అందుకోవాలి. నా పని తలుపుల చుట్టూ రబ్బరు తొడగడం. షిఫ్టంతా నిలబడే చేయాలి. లైన్ మీద కుర్చీ, స్టూలు లాంటివి ఉండకూడదని కంపెనీ రూలు.

ఒకసారి క్యాంటీన్‌లో పప్పు మరీ నీళ్ళలా వస్తుంటే, ప్లేటు తీసుకెళ్ళి కాంట్రాక్టర్ చేతిలో పెట్టాను. "మీరే ఒక ముద్ద తినుండ్రి సార్, మేం చూస్తం" అన్నాను. ఆయన తినేదాకా అక్కడినుంచి కదల్లేదు. మర్నాడు పప్పు చిక్కబడింది. నా పేరు ఫ్యాక్టరీలో అలా పాకింది. తర్వాత ఒక పిల్ల తన తరఫున మాట్లాడటానికి నన్నే కోరుకున్నదంటే, పాపం, ఆ పప్పు చలవే.

ఆ పిల్ల నా పక్క చోటులో వైర్లు బిగించేది. మా లైన్లో అందరికన్నా చిన్నది, జిన్నారం వైపు నుంచి కంపెనీ బస్సులో వచ్చేది. అది వానాకాలం, ఊళ్ళన్నీ జ్వరాలతో మూలుగుతున్నాయి. ఆమెకూ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కీళ్ళ నొప్పులు వదల్లేదు. సెలవడిగితే మనుషుల్లేరన్నారు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే పిల్ల, లైన్ మీద నిలబడి పని చేస్తోంది.

ఒకరోజు భోజనం గంటకు ముందు నేను తలెత్తి చూసేసరికి ఆమె కూర్చుని ఉంది. సామాన్లు వచ్చే నీలం ప్లాస్టిక్ డబ్బా ఒకటి బోర్లించి, దాని మీద. ఒక కారు వైర్లు లేకుండానే ఆమెను దాటిపోయింది. దాని వెనక ఇంకొకటి. ఎర్రదీపం వెలిగింది, లైను ఆగింది. ప్రొడక్షన్ మేనేజర్ పరుగున వచ్చి "ఎవరు కూర్చోమన్నారు? లే!" అని అరిచాడు. పిల్ల లేవబోయింది. మోకాళ్ళు నిలవక మళ్ళీ డబ్బా మీదే పడింది. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

నాకు ఒళ్ళు మండింది. నా చోటులో నేను నేల మీద చతికిలబడ్డాను. నా పక్కామె నన్ను చూసి కూర్చుంది. ఆమె వెనకామె కూర్చుంది. కాసేపటికి ఆ సాలంతా కింద కూర్చుని ఉంది. ముందుగా ఎవరమూ ఏమీ అనుకోలేదు. అనుకుని ఉంటే ఇంకా బాగా చేసేవాళ్ళం.

చార్జిషీటు మాత్రం ఆ ఒక్క పిల్లకే వచ్చింది, సంగతి తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. కావాలని లైను ఆపిందట, తోటివాళ్ళను రెచ్చగొట్టిందట. మమ్మల్ని రెచ్చగొట్టింది మేనేజర్ నోరు. కానీ అందరి మీదా కేసు పెడితే కార్లు చేసేదెవరు? అందుకని ఒక్కర్ని ఏరుకున్నారు, అదీ ఒంట్లో సత్తువ లేనిదాన్ని.

పిల్ల తన జవాబులో ఉన్నదున్నట్టు రాసింది. లైన్ లీడరే తనను చూసి కూర్చోమన్నాడని, డబ్బా కూడా ఆయనే బోర్లించి వేశాడని. లైన్ లీడర్ అంటే మాలో ఒకడే, కాకపోతే లైనంతా చూసుకుంటాడు, టోపీ రంగు వేరు. ఆయన్ని పిలిచి అడిగితే, "నేను అనలేదు, ఆమె తనంతట తానే కూర్చుంది" అని సంతకం పెట్టాడు. స్క్రూలు బిగించే గన్‌ల మోతలో పక్కమనిషి మాటే వినపడదు. ఆయన ఏమన్నాడో, అనలేదో ఆమెకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ లైన్ లీడర్ మా బావ. నా పెనిమిటికి సొంత అన్న.

పిల్లకు చార్జిషీటు వచ్చిన మర్నాటినుంచి, నిరసనగా, ఫ్యాక్టరీలో ఎవరూ క్యాంటీన్ తిండి ముట్టలేదు. నల్లబ్యాడ్జీలు పెట్టుకుని పనిచేశాం, ఇంటినుంచి అన్నం డబ్బాలు తెచ్చుకుని షెడ్డు బయట తిన్నాం. ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు పిల్లలకు వండిపెట్టే ఇల్లు లేదు కాబట్టి వాళ్ళ కోసం మేమే ఇంకో డబ్బా తెచ్చేవాళ్ళం. పచ్చిపులుసు తాగి "దీదీ, ఔర్ హై క్యా?" అని గిన్నె చాపేవాళ్ళు. గేటు మీటింగులో యూనియన్ సెక్రటరీ తేల్చి చెప్పాడు, ఆ పిల్లను తీసేస్తే సమ్మేనని. కంపెనీ వాళ్ళు ఎంక్వయిరీలో తేలనివ్వండి అన్నారు. ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేసే ముందు కంపెనీ విచారణ పెట్టాలి, అందులో ఆ మనిషి పక్కన తోటి కార్మికులు ఒకరు కూర్చోవచ్చు. మామూలుగా సెక్రటరీయే కూర్చుంటాడు. "అక్కనే కావాలె" అని పిల్ల పట్టుబట్టింది. బావ అబద్ధం నిలబడితే ఆమె ఉద్యోగం పోతుంది, అంతే. దానికి మించి అందులో చిక్కేమీ లేదు.

చిక్కంతా ఇంట్లో వచ్చింది. బొంతపల్లి అవతల మా ఊళ్ళో మా ఇల్లూ బావ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. నన్ను ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది కూడా ఆయనే.

"మా అన్నను అందరి ముంగట నిలదీస్తవా? నీకు నౌకరి పెట్టిచ్చిన మనిషిని?" అన్నాడు నా పెనిమిటి.

"నాకు పెట్టిచ్చిండు, కాదన్ననా? ఆ పిల్ల నౌకరి తీసేస్తుండ్రు. రెండూ ఒకటేనా?"

"జెర ఆలోచన చెయ్యి. రేపు మొఖం మొఖం చూసుకోవాలె."

"చూసుకుంట. నాకేం భయం?"

ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. నా యారాలు, అంటే బావ భార్య, గోడ మీంచి కూరగిన్నె పంపడం మానేసింది. నేను మాత్రం పంపాను. గిన్నె కడిగి, ఖాళీగా తిప్పి పంపింది. మా వైపు గిన్నె ఖాళీగా పంపరు, నాలుగు పచ్చిమిరపకాయలైనా వేస్తారు. ఆ ఖాళీ గిన్నె చూసి నాకు నిజంగానే బాధయింది. బావ మీద కోపం కూడా ఎక్కువైంది.

బావ మంచివాడు. ఈ మాట ఆ రోజుల్లో కూడా అన్నాను. లైన్లో ఎవరికి బాగాలేకపోయినా వాళ్ళ పని తన చేతిలోకి తీసుకునేవాడు. కానీ లీడర్ టోపీ కోసం ఎన్నో ఏళ్ళు చూశాడు. చేతికి అందాక అది పోతుందంటే మనిషికి వణుకు పుడుతుంది. ఆ వణుకు నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఊరుకోవాలా?

విచారణ మా షిఫ్టు అయ్యాక, ట్రైనింగ్ హాల్లో పెట్టారు. విచారణ అధికారి నగరం నుంచి వచ్చిన వకీలు, పెద్దాయన. కంపెనీ తరఫున హెచ్.ఆర్. ఆఫీసరు, ఒక టైపిస్టు, ఇటు నేనూ పిల్లా. సాక్షిగా బావను పిలిచారు. ఆయన వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

కావాలని లేవలేదు. మా ఊళ్ళో పెనిమిటి అన్న ముందర ఆడమనిషి కూర్చోదు. ఆయన వాకిట్లో కూర్చుంటే నేను నిలబడే మాట్లాడతాను. అది మంచి ఆచారమని నేననను, నా బిడ్డకు నేర్పనూ లేదు. ఇది ఆఫీసు, ఇక్కడ బావా లేదు మరదలూ లేదు, ఠీవిగా కూర్చుని అడగాలి అని దారి పొడవునా అనుకుంటూనే వచ్చాను. తీరా ఆయన కనపడగానే కాళ్ళు వాటంతటవే లేచాయి. చెయ్యి కొంగు కోసం తల మీదికి పోయింది. యూనిఫాం చొక్కాకు కొంగెక్కడిది?

"కూర్చుని అడగండమ్మా" అన్నాడు అధికారి.

"కూసోను సార్. ఆయన మా బావ."

హెచ్.ఆర్. ఆఫీసరు వెంటనే అందుకున్నాడు. చుట్టాలు కాబట్టి నన్ను మార్చాలన్నాడు. అధికారి బావ వైపు తిరిగి, ఈమె అడిగితే మీకేమైనా అభ్యంతరమా అన్నాడు. బావ నేల చూస్తూ "ఏం లేదు సార్, అడగనియ్యుండ్రి" అన్నాడు. మొదటిసారి నాకు కాస్త ధైర్యం తగ్గింది. ఆయన ఎదురుతిరిగి ఉంటే నాకు సులువయ్యేది.

అడగడం మొదలుపెట్టాను. ఆ రోజు పిల్లకు ఒంట్లో బాగాలేదని తెలుసా? తెలియదు. లీవు అడిగిన సంగతి తెలుసా? గుర్తు లేదు. ఆమె కూర్చున్నప్పుడు మీరెక్కడున్నారు? లైన్ అవతల. ఏది అడిగినా, ముందే నేర్పిన జవాబు గడగడా చెప్పేస్తున్నాడు. పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. టైపిస్టు కొట్టుకుంటూ పోతున్నాడు. నా ప్రశ్నలు అయిపోవస్తున్నాయి, చేతికి ఒక్కటీ చిక్కలేదు.

పొద్దుటి షిఫ్టంతా నిలబడి వచ్చిన కాళ్ళు నావి. మడమలు పీకుతుంటే బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాను. బావ చూశాడు. చెబుతున్న జవాబు మధ్యలో ఆపాడు.

"ఎంతసేపని నిలబడ్తవు? కూసో బిడ్డా" అన్నాడు.

నేర్పిన మాట కాదది. మా వాకిట్లో అన్నట్టే అన్నాడు. తర్వాత తానేమన్నాడో తనకే వినపడినట్టుంది, ముఖం పాలిపోయింది. నేను కూర్చున్నాను, పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన ముందు కూర్చుని, కళ్ళలోకి చూసి అడిగాను.

"బావా, ఆ పిల్లకు గూడ గిట్లనే చెప్పినవా?"

హెచ్.ఆర్. ఆఫీసరు ఇది రాయొద్దని టైపిస్టుకు చెప్పాడు. "రాయండి" అన్నాడు అధికారి.

బావ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను మళ్ళీ అడగలేదు. నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని ఉన్నది అప్పుడే.

"చెప్పిన" అన్నాడు చివరికి. "ఆ పిల్ల కాళ్ళు వణుకుతుంటే చూడలేక చెప్పిన. డబ్బా ఏసింది గూడ నేనే. రెండు కార్లు నేనే చూసుకుందామనుకున్న, గంతల మేనేజర్ సాబ్ వేరే తాన పిలిచిండు."

"మరి ముందు కాదని సంతకం ఎందుకు పెట్టారు?" అన్నాడు అధికారి.

"భయమైంది సార్."

పిల్ల ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు? కానీ బయటికి వచ్చే ముందు, ఇంగ్లీషులో టైపు చేసిన ఆ మాటలన్నీ తెలుగులో చదివించుకుని విన్నాకే సంతకం పెట్టాను.

పిల్లను పనిలోకి తీసుకున్నారు. ఆ మధ్యాహ్నం అందరం మళ్ళీ క్యాంటీన్‌లో తిన్నాం. తర్వాత జరిగిన ఒప్పందంలో యూనియన్ స్టూళ్ళ మాట కూడా రాయించింది. ఇప్పుడు మా లైన్లో స్టూళ్ళున్నాయి. మొదట్లో వాటి మీద కూర్చుంటే వెక్కిరించిన మగవాళ్ళే ఇప్పుడు ముందు వెళ్ళి పట్టుకుంటున్నారు.

కంపెనీ ఊరుకుంటుందా? విచారణ అయి వారం తిరక్కుండా బావకు చార్జిషీటు వచ్చింది. లైన్ మీద మనిషిని కూర్చోబెట్టినందుకు ఒకటి, తప్పుడు సాక్ష్యం ఇచ్చినందుకు ఇంకొకటి. ఆదివారం పొద్దున ఆ కాగితం పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నా పెనిమిటి గబగబా కుర్చీ తెచ్చి వేశాడు.

"సెక్రటరీని అడగకపోయినవా బావా?" అన్నాను.

"నువ్వున్నవు గద" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, గర్వంగానూ ఉంది. ఇలాంటి కాగితాలకు జవాబు ఎలా రాస్తారో అందరికీ తెలుసు. పొరపాటు జరిగింది, మన్నించండి, ఇకముందు జరగదు. ఆ ఒక్క వాక్యం రాసిస్తే టోపీ ఉంచుతామని ఆఫీసులోంచి కబురు కూడా వచ్చిందట. నేను కాగితం తీసి ఆ వాక్యమే మొదలుపెట్టాను. బావ నా చెయ్యి వైపు చూస్తూ, ఆగమన్నాడు.

"అబద్ధం చెప్పినందుకు మన్నించుమని రాయి. కూసోమన్నందుకు రాయకు."

"మరి దానికేం రాయాలె బావా? టోపీ పోతది."

"పోనీ. మల్ల ఎవరన్న గట్ల వణుకుతుంటే, మల్ల కూసోమంటనని రాయి."

ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను.