అమ్మ పట్టిన వల తాడు

మా అమ్మకు ఆగడం చేతకాదు. యాభై దాటాక పెందుర్తి వీధుల్లో స్కూటీ నేర్చుకుంది. జాతరకు వెళితే జెయింట్ వీల్ మనవరాలి కంటే ముందు తనే ఎక్కేది.

పోయిన వేసవిలో అమ్మను, మా పాపను భీమిలి తీసుకెళ్లాను. ఒడ్డున జాలర్లు వల లాగుతున్నారు. నేను చూస్తుండగానే అమ్మ చీర ఎగ్గట్టి వాళ్లతో పాటు తాడు పట్టుకుంది. ఇంతలో పెద్ద కెరటం వచ్చి పడేసింది. నురగలో అమ్మ కనబడలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్లు వెనక్కి వెళ్లాక చూస్తే, తాడు వదలకుండా ఇసుకలో కూర్చుని నవ్వుతోంది!

వల తాలూకు పెద్ద, అప్పన్న అనే అతను, అమ్మ సంచిలో చేపలు వేశాడు. "తాడట్టుకున్నోలికి వాటా ఉంటాదమ్మా."

"వాటా సర్లే బాబూ. నన్నోపాలి సంద్రంలోకి తీసుకెల్తావేటి?" అంది అమ్మ.

"సిన్న తెప్ప మీద వద్దమ్మా, ఊగిపోద్ది. మోటారు బోట్లకిప్పుడు వేట నిసేదం. అదవ్వనీ, బోటు మీద తిప్పుతాను."

అమ్మ సరేనంది. రోజూ క్యాలెండర్ చూసుకునేది. నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా నిద్రలోనే వెళ్లిపోయింది.

బోట్లు కదిలాక అప్పన్నకు చెప్పడానికి వెళ్లాను.

"ముసలి పేనం, బయపడతాదని నానే ఆగమన్నాను. ఆయమ్మకి బయమేటి!" అన్నాడు.

అమ్మ జీవితంలో దేనికోసమైనా ఆగింది అదొక్కసారే.