పిల్లల ఐసీయూలో మామగారి మీసం

మా వాడికి ఆరేళ్లు. న్యుమోనియా ముదిరితే నోయిడాలో ఒక పెద్దాసుపత్రి పిల్లల ఐసీయూలో చేర్చాం. మెడ దగ్గర పెద్ద నరంలోకి సన్నటి గొట్టం వేసి మందులన్నీ అందులోంచే ఎక్కించారు. ఊపిరి కుదుటపడింది, రేపో మాపో వార్డుకి మారుస్తామన్నారు. అంతలో మళ్లీ చలిజ్వరం. ఆ గొట్టం దారినే క్రిమి రక్తంలోకి దిగిందట. అదీ మేం ఇంటినుంచి తెచ్చుకున్నది కాదు, ఆసుపత్రిలోనే అంటుకున్నది. సబ్బు కొంటే దువ్వెన ఉచితం అన్నట్టు, ఒక రోగంతో వెళితే రెండోది చేతిలో పెట్టారు.

నేను డాక్టరమ్మ మీద గయ్యిమన్నాను. ఆవిడ తల వంచుకుని అంతా విని, పాత గొట్టం తీసి కొత్తది వేశామని చెప్పింది. ఇంకోసారి క్రిమి దిగితే పిల్లాడు తట్టుకోలేడని, చేతులు కడక్కుండా ఎవర్నీ మంచం దగ్గరికి రానివ్వొద్దని మరీ మరీ హెచ్చరించింది.

ఈ గండం చాలదన్నట్టు తెనాలి నుంచి మా మామగారు దిగారు. రిటైరైన పోలీసు హెడ్డు. మనవడంటే ప్రాణం. ఆయన కన్నా ముందు ఆయన మీసం కనిపిస్తుంది. మాస్కు పెట్టుకున్నా కొసలు చెరోవైపు బయటికి పొడుచుకొచ్చేవి. మాట్లాడినా, ఆలోచించినా, కంగారుపడినా చెయ్యి అక్కడికే పోతుంది.

గుమ్మం దగ్గర నర్సు మోచేతుల దాకా కడిగించింది. ఆయన బుద్ధిగా కడుక్కుని, రెండడుగులు వేసి, మీసం దువ్వారు.

"అంకుల్‌జీ, ఫిర్ సే ధోయియే!"

మళ్లీ కడిగారు. మంచం దాకా వచ్చి, మనవడి మెడలో గొట్టం చూసి గాభరాపడి, మళ్లీ దువ్వారు. మళ్లీ వెనక్కి. మూడోసారికి రోషం వచ్చి నా వైపు తిరిగారు.

"ఏమిటమ్మాయ్ ఈ నర్సు పిల్ల గోల? దొంగలు కూడా నన్నిన్నిసార్లు తిప్పలేదు. నా మీసం నేను ముట్టుకుంటే వాడికేమవుతుంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా ఆయన ఎదుట గొంతెత్తి ఎరగను.

"మామయ్యగారూ, మీకు మీసం కావాలో మనవడు కావాలో తేల్చుకుని అప్పుడు లోపలికి రండి!"

అద్దాల తలుపు అవతల మా ఆయన నోరు వెళ్లబెట్టాడు. మామగారు గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయారు. మయూర్ విహార్‌లో మా ఫ్లాటుకి వెళ్లి అన్నం కూడా ముట్టలేదట.

"నాన్న అలిగారే. నువ్వు కాస్త తగ్గాల్సింది" అని మా ఆయన ఫోను.

"అలగనీ. వీడి జ్వరం తగ్గాక నేనే వచ్చి కాళ్లు పట్టుకుంటా" అని పెట్టేశాను. భయం లేక కాదు. నా పక్కన వాడి ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

మర్నాడు పొద్దున్నే బాత్రూంలోంచి బయటికొచ్చిన తండ్రిని చూసి మా ఆయనకి గుండె ఆగినంత పనయిందట. మా వైపు మీసమున్న మగాడు ఉన్నట్టుండి నున్నగా కనిపిస్తే, ఎక్కడినుంచో చావు కబురు వచ్చిందనే అనుకుంటారు.

"ఎవరు పోయారు నాన్నా?"

"మీసం పోయిందిరా. పద, ఆలస్యమవుతోంది."

నర్సు ఆయన్ని పోల్చుకోలేక "ఆప్ కౌన్?" అంది. ఆయన మోచేతుల దాకా చేతులు కడుక్కుని, రెండు చేతులూ ఎదురుగా గాల్లో పట్టుకుని లోపలికి వచ్చారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. క్షమించమని అడగబోతే కళ్లతోనే వారించారు.

ఆ పొద్దుటే వాడి జ్వరం దిగడం మొదలైంది. కళ్లు విప్పి, మాస్కులో ఉన్న మనిషిని కాసేపు అనుమానంగా చూసి, నా వైపు తిరిగాడు. ఢిల్లీలో పుట్టినవాడు కదా, జ్వరం తిరగబెట్టాక మొదటిసారి నోరు విప్పినా హిందీయే.

"మమ్మీ, తాతయ్య కబ్ ఆయేంగే?"

తాతయ్య ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడని మామగారికి అర్థమైంది. కన్నీళ్లు జారి మాస్కు తడిసిపోతోంది. తుడుచుకోవడానికి లేచిన చెయ్యి సగంలో ఆగింది. "వచ్చానురా నాన్నా" అంటూ, ఏడుస్తూనే, ఆ కడిగిన చేతులతో వాడి చెయ్యి పట్టుకున్నారు.