బి.ఏ. నంబరూ, కొమ్ముల మనిషీ

నేను బి.ఏ. పాసయ్యాను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చెప్పగలను. మా వంశంలో బి.ఏ. పాసైన వాళ్ళు లేరు. తప్పిన వాళ్ళు కూడా లేరు. పరీక్ష దాకా వెళ్ళిందే నేనొక్కణ్ణి. మా నాయన ఉదయగిరి దగ్గర చెరువులో వలేసి చేపలు పట్టేవాడు. చెరువు ఎండితే కూలికి పోయేవాడు.

ఆత్మకూరు బస్టాండు పక్కన కాఫీ హోటల్లో పేపరు చూశాను. అందులో పేర్లుండవు, నంబర్లే. నా నంబరు రెండో వరసలో కనపడింది. కాఫీ తాగి మళ్ళీ చూశాను. అక్కడే ఉంది. హోటలాయన్ని అడిగి ఆ కాగితం చించుకుని, చొక్కా లోపల పెట్టుకుని బస్సెక్కాను. దారిలో కండక్టరుకి చెప్పాను, మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్న ముసలాయనకి చెప్పాను. ఆయన నిద్రపోయాక మేకపిల్లకి చెప్పాను.

దిగేసరికి నాయన ఊరి పెద్దరైతు అరుగు ముందు చేపల బుట్టతో నిలబడి ఉన్నాడు. కాగితం చేతికిచ్చాను. నాయనకి చదువు రాదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని అరుగు మీదికి అందించాడు.

పెద్దరైతు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "పేరు యాడుండాదిరా?"

"పేరెయ్యరయ్యా, నంబరే," అన్నాను.

"నంబరు నువ్వు దిగిన బస్సుకి గూడా ఉండాది. అది గూడా బి.ఏ. పాసయినాదా?"

అరుగు మీదున్న వాళ్ళంతా నవ్వారు. నాయన నవ్వలేదు. మూడేళ్ళ నుంచి ఈయనకి 'నా కొడుకు చదవతండాడయ్యా' అని చెబుతూనే ఉన్నాడు మరి.

"సరే, మాపటికి డేరాలో ఇంగ్లీషు సినిమా అంట," అన్నాడు పెద్దరైతు. "అర్థం చెప్పేవోడికి గొంతు పోయినాదంట. నీ కొడుకుని చెప్పమను. చెప్పినాడంటే రేపట్నించి నేను గూడా వాణ్ణి గారూ అంటా. లేదంటే ఆ కాయితంలో చేపలు చుట్టుకో."

"చెబతాడయ్యా," అన్నాడు నాయన, నేను నోరు తెరిచేలోపు, కాగితం వెనక్కి తీసుకుని తన చొక్కాలో పెట్టుకుంటూ.

ఆ గొంతు పోయినవాడు నా చిన్ననాటి సావాసగాడు. మూడో తరగతిలో బడి మానేసి టూరింగ్ టాకీసులో చేరాడు. పగలంతా ఎడ్లబండి మీద రేకు గొట్టంతో సినిమా పేరు అరవాలి. పరభాష బొమ్మయితే ఆట జరుగుతున్నంతసేపూ తెర పక్కన నిలబడి జనానికి అర్థం చెప్పాలి. వాడికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆత్మకూరు మకాంలో ఈ బొమ్మ ఏడు సార్లు చూసి కథ వాడే తేల్చుకున్నాడు. నన్ను చూడగానే ఊపిరితోనే, "భయపడబాకరా, బి.ఏ. కదా," అన్నాడు. నిజానికి నేనూ భయపడలేదు. నాలుగు ఇంగ్లీషు నాటకాలు బట్టీ పట్టినవాణ్ణి.

డేరా యజమాని మద్రాసుకి రాసింది దేవుడి బొమ్మ పంపమని. ఆత్మకూరులో ఉండగానే పెట్టె మారి ఇది వచ్చింది. ఇంగ్లీషు బొమ్మని తెలుసు గానీ, దేవుడిది కాదని మా వాళ్ళకి తెలీదు. మొదటి రీల్లోనే ఆకాశం నుంచి వెలుగు దిగి, అందులోంచి నెత్తిన రెండు స్ప్రింగు కొమ్ములున్న మనిషి వచ్చాడు. దేవుడు ప్రత్యక్షమైతే హారతివ్వడం మా డేరాలో ఆనవాయితీ. మా అవ్వ కర్పూరం వెలిగించింది. ఆడవాళ్ళు దండాలు పెట్టారు. కొమ్ముల మనిషి నేరుగా ఒక దొర కోళ్ళగూట్లో పడి, లేచి, అక్కడున్న సబ్బుబిళ్ళ తిన్నాడు.

"దేవుడు కాదంటమ్మా, ఆర్పెయ్యండి," అంది అవ్వ.

అప్పుడు ఆ దొర మాట్లాడటం మొదలుపెట్టాడు. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు మాట్లాడాడు. నేను చదివిన ఇంగ్లీషు పుస్తకంలో కదలకుండా కూర్చునేది. ఇది పరిగెత్తుతోంది. ఒక్క మాట కూడా చేతికి చిక్కలేదు. కొమ్ముల మనిషి "గిర్ర్, టిక్, గిర్ర్" అన్నాడు. నాకు ఇద్దరూ ఒకటే.

"ఏమంటాండాడు బి.ఏ.?" పెద్దరైతు కుర్చీలోంచి అడిగాడు.

తడిక పక్కన గొంతుక్కూర్చున్న నా సావాసగాడు కడుపు నిమురుకున్నాడు.

"ఆకలంటున్నాడు," అన్నాను.

వాడు చేతులు గుండెకి ఆనించుకున్నాడు.

"నా ఇంట్లో ఉండమంటున్నాడు దొర."

బండి దారిన పడింది. దొరకి నా అన్నవాళ్ళు లేరు, రొట్టెలు కాల్చుకుని బతుకుతాడు. కొమ్ముల మనిషి పిండి కలుపుతాడు, కొమ్ముల మీద రొట్టెలు ఆరబెడతాడు. పోలీసులొస్తే దొర వాడికి ఆడవాళ్ళ టోపీ పెట్టి మా అత్త అంటాడు. డేరా అంతా ఒకటే నవ్వు. నాయన ముందు వరసలో నేల మీద కూర్చుని, తెరను వదిలేసి నన్నే చూస్తున్నాడు.

అంతలో నా సావాసగాడు చెంప మీద గట్టిగా కొట్టుకున్నాడు.

"ఇప్పుడు తన్నుకుంటారు," అన్నాను.

తెర మీద ఇద్దరూ వాటేసుకుని ఏడ్చారు. వాడు కొట్టింది దోమని.

"ఏంది బి.ఏ., తన్నుకుంటారంటివే?"

"వాళ్ళ లోకంలో ఇట్నే తన్నుకుంటారయ్యా."

"నిజమే," అంది అవ్వ. "మీ తాత గూడా తన్నేముందు ఇట్నే ఏడ్చేవోడు."

పెద్దరైతు మాత్రం నవ్వలేదు. "అది గాదు. నువ్వు బొమ్మ వంక చూడకుండా ఆ తడిక వంక చూస్తాండావేంది? ఎవుర్రా ఆడ?"

జనం తలలు తిప్పారు. వాడు చేతులు వెనక దాచుకున్నాడు. నాకింక దారి లేదు.

"నాకు అర్థం కాలేదయ్యా. చెప్పిందంతా వాడే. నేను నోరు మాత్రమే."

తెర మీద బోర్లించిన పొంగణాల పెనం లాంటి వాహనం వచ్చి కొమ్ముల మనిషిని ఎక్కించుకుంటోంది. దొర రొట్టె మూట అందిస్తున్నాడు. ఎవరూ చూడటం లేదు. నాయన తల దించుకుని చొక్కాలోంచి ఆ కాగితం తీసి మడత మీద మడత పెడుతున్నాడు.

"నాకు తెలిసిందేలే," అని పెద్దరైతు లేవబోయాడు. అప్పుడు తెర నిండా పెద్ద అక్షరాలు పడ్డాయి. "పోనీ అదేందో చెప్పు."

అక్షరాలు. కదలకుండా కూర్చున్నవి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయిపోయింది," అన్నాను.

నా మాట పూర్తవుతుండగానే బొమ్మ ఆగిపోయింది, లైట్లు వెలిగాయి.

పెద్దరైతు తెర వంక చూశాడు, లైట్ల వంక చూశాడు, నా వంక చూశాడు. "నిజమేరా. అయిపోయినాది."

"చెప్పినాడుగా," అంది అవ్వ. జనమంతా అవునవును అనుకుంటూ లేచారు. పెద్దరైతు డేరా వాకిలి దాకా వెళ్ళి, అప్పటికే నాయనతో అక్కడికి చేరిన నన్ను చూసి ఒక్క నిమిషం ఆగాడు. మాటంటే మాటే కదా.

"బి.ఏ. గారూ, రవంత పక్కకి జరగండి. బండి యాడుండాదో అగపడ్డంలా."

నేను జరిగాను. నాయన ఇంకా వెనక్కి జరిగాడు, దారి ఆయనకి ఇంకాస్త పెద్దదిగా ఉండాలన్నట్టు.

ఇంటికి నడుస్తుంటే నా సావాసగాడు నా చెవిలో, "అదా దానర్థం? ఆత్మకూర్లో అవి పడంగానే 'మళ్ళీ రేపు రండి' అని చెప్పినాన్రా, ఏడు దినాలూ," అన్నాడు. పొద్దుటి నుంచీ నవ్వని నాయన అప్పుడు నవ్వాడు.

మర్నాడు నాయన పెద్దరైతు ఇంటికి చేపలు తామరాకులో చుట్టి తీసుకెళ్ళాడు.