చప్పుడు చేయని పెట్టె

ఇళ్ల ప్లాన్లు గీసే ఆ మూడు బల్లల ఆఫీసులో ఆయన పేరు ఉష్‌గారు. తలుపు కిర్రుమంటే నూనె చుక్క, కుర్చీ కీచుమంటే రబ్బరు ముక్క, మనిషి గొంతు లేస్తే 'ఉష్'. లోకాన్ని బాగుచేయడానికి ఆయన ఎంచుకున్న మార్గం అది.

అలాంటి మనిషి పక్కనే పాత సర్వరు కంప్యూటరు ఏళ్ల తరబడి పిండిమరలా రొదపెట్టింది. గీసిన ప్లాన్లన్నీ దాని పొట్టలోనే ఉండేవి. ఒకనాడు అది కాలంచేసింది. పోతూపోతూ కొన్ని ప్లాన్లను వెంట తీసుకుపోయింది. కొత్తది తానే తయారుచేస్తానని ఉష్‌గారు ఆఫీసు యజమాని అయిన బావకు విన్నవించుకున్నారు.

"చెయ్. కానీ ఇంకొక్క ప్లాను కనపడకపోయిందా, నీ పెట్టెని పాత సామానుకి వేసేస్తా. మళ్లీ పెన్‌డ్రైవులే, నా చొక్కా జేబులోనే."

బావ జేబు, వాషింగ్ మెషీను తరచూ కలుసుకుంటాయని ఉష్‌గారికి తెలుసు.

పెట్టె సిద్ధమైంది. అరచేతికన్నా కాస్త పెద్దది. ఫ్యాను లేదు, గిర్రున తిరిగే డిస్కు లేదు, తెర కూడా లేదు. లోపల దాన్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేరు. అడిగితే ఫైలిస్తుంది, అడగకపోతే కునుకు తీస్తుంది. కరెంటు చిన్న బల్బంత కూడా తినదు. పెట్టె నడుస్తోందని చూపే దీపం కంట్లో పడుతోందని ఉష్‌గారు దానిమీద నల్ల టేపు అంటించారు. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

మర్నాడు ఇల్లు కట్టించుకుంటున్న డాక్టరమ్మ వచ్చి కూర్చుంది.

"ఏవయ్యా, డాక్టరమ్మ మేడమెట్లేవి?" అని బావ కేక.

ఉష్‌గారు పరుగెత్తి చూస్తే పెట్టె ఆగిపోయి ఉంది. మీట నొక్కగానే మెట్లు తిరిగొచ్చాయి. మధ్యాహ్నానికి మళ్లీ మాయం. బావ పాత సామాను మూలవైపు చూడటం మొదలుపెట్టాడు.

ఉష్‌గారు పెట్టె ఎదుటే కుర్చీ వేసుకుని, పొదిగే కోడిని కాసినట్టు కాపలా కాశారు. కాసేపటికి గుడ్డతో దుమ్ము తుడుస్తూ బావ భార్య, అంటే ఉష్‌గారి అక్క, వచ్చింది. పెట్టెకు చెవి ఆనించింది, నిట్టూర్చింది, మీట నొక్కింది.

"అక్కా! ఏంటా పని?"

"ఆగిపోయింది రా పాపం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దుట్నుంచీ నేనే లేపుతున్నా."

"నువ్వూనా? నేనూ రెండుసార్లు లేపానే!" అన్నాడు బావ తన బల్ల దగ్గర్నుంచి.

"మెలకువగా ఉన్నదాన్ని నొక్కితే పడుకుంటుంది బావా. చప్పుడు లేదంటే ఆరోగ్యంగా ఉన్నట్టు."

"చప్పుడు లేకుండా మనిషి పడుంటే ఆరోగ్యమంటామా? నలుగుర్ని పిలుస్తాం."

ఉష్‌గారు పెట్టెను మళ్లీ లేపి, తన బల్లమీది కంప్యూటరులోంచి దాన్ని తెరిచారు. లినక్స్‌లో ఒక్క వరుస మార్చారు: ఎవరు మీట నొక్కినా పట్టించుకోకు.

మర్నాడు బావ వస్తూనే మీటను గంభీరంగా నొక్కి, ప్లాను తెరిచాడు. మెట్లన్నీ ఉన్నాయి.

"చూశావా? నొక్కే పద్ధతిలో నొక్కాలి."

అప్పట్నుంచి పెట్టెను రోజూ బావే స్టార్ట్ చేస్తున్నాడు. ఆయన రాని రోజున ఆ బాధ్యత అక్కది. మళ్లీ ఏ ప్లానూ పోలేదు, పెట్టె పాత సామానుకూ పోలేదు. మొన్న డాక్టరమ్మ దాన్ని చూసి, ఇంత బుద్ధిగా పనిచేసే యంత్రం ఎవరిదని అడిగింది.

"పెట్టింది మావాడే," అన్నాడు బావ. "నడిపేది నేను."

ఉష్‌గారు నోరు తెరిచారు. తర్వాత, జీవితంలో మొదటిసారి, 'ఉష్' అని తనకు తానే చెప్పుకున్నారు.