కుండ కడిగిన చెయ్యి

ఇరవై ఏళ్లు కావస్తోంది, ఈ మాట నా గొంతులో అడ్డం పడి. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా ముఖం తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం నాకు లేదు.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారు చేసేదాన్ని. కొబ్బరి వ్యాపారులకీ, చీరల కొట్లకీ నాలుగేసి పేజీలు. ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లం పట్టుమని పదిమందిమి లేము. కళ్లు నెత్తికెక్కడానికి అది చాలదా? సొంతంగా ఒక సైటు పెట్టుకుని, అందులో ‘నా సరదాలు’ అని ఒక పేజీ రాసుకున్నాను. తీరిక వేళ రాసే కోడ్, కుక్కర్లో ఇసక పోసి చేసే కేకులు, స్నేహితురాళ్లతో పాపికొండల వైపు పోయి ఎక్కే కొండలు. కోనసీమలో పుట్టినదానికి వరికుప్పే పెద్ద ఎత్తు. కొండలెక్కుతానని చెప్పుకోవడం నాకెంత గొప్పగా ఉండేదో! కేకులు ఎవరైనా చేస్తారు, పూతరేకులు కూడా చేస్తానని రాస్తే బాగుంటుందనిపించింది. రాసేశాను. నేర్చుకోవడం తరవాత మొదలుపెట్టాను.

ఆత్రేయపురంలో మంగమ్మగారని, మా అమ్మకి వరసకి చెల్లెలు. రేకులు తీసి అమ్మడమే ఆ ఇంటి బతుకు. కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఆవిడా, కోడలు సత్యవతీ ఉండేవారు. ఆదివారాలు బస్సెక్కి వెళ్లేదాన్ని. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్లలో ముంచి, కాలిన కుండ మీద ఒక్క ఊపున లాగాలి. పొర కట్టి లేస్తుంది, అదే రేకు. సత్యవతి లాగితే ఉల్లిపొరలా లేచేది. నేను లాగితే చిల్లు, లేకపోతే ముద్ద. రేకు లాగుతున్న సత్యవతి చేతిని ఫోటో తీసి, నా చెయ్యేనని పేజీలో పెట్టుకున్నాను.

మూడు నెలలు గడిచాక ఒక ఆదివారం మంగమ్మగారు నవ్వేశారు. నాది గట్టి చెయ్యి అన్నారు. కేకులు చేసుకో, కొండలెక్కు, ఇది మాత్రం నీ వల్ల కాదమ్మా అన్నారు. తన తరవాత ఆ కుండ సత్యవతిదే అని కూడా అన్నారు. రేకులు చుట్టడానికి వచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. సత్యవతి ఒక్కతే నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే. పదో తరగతి తప్పిన మనిషి నా మీద జాలిపడటమేమిటి? అవును, ఈ మాటే అనుకున్నాను.

ఆ కుండ మంగమ్మగారి అత్తగారిది. ఏళ్ల తరబడి నూనె తాగి నల్లగా, నున్నగా ఉండేది. దాన్ని నూనె గుడ్డతో తుడుస్తారు తప్ప కడగరు. సబ్బు తగిలి నూనె పట్టు వదిలిందంటే రేకు అంటుకుపోతుంది. మొదటి రోజే నాకు ఈ జాగ్రత్త చెప్పారు. నా పనిలోనూ అంతే. కోడ్‌లో కంటికి ఆనని ఒక్క గుర్తు చెరిపేస్తే పేజీ మొత్తం కూలుతుంది, ఎక్కడ తప్పిందో తెలియక మనిషి జుట్టు పీక్కుంటాడు. నాకు ఆ ఆలోచన అక్కడినుంచే వచ్చిందేమో.

మరుసటి ఆదివారం మంగమ్మగారు పేరంటానికి వెళ్లారు. సత్యవతి నెయ్యి తేవడానికి వెళ్లింది. కుండని నూతి దగ్గరికి తీసుకెళ్లి, సబ్బుపొడి వేసి, కొబ్బరిపీచుతో తోమాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే బాగుండును కదా? వణకలేదు. సబ్బు వాసన పోయేదాకా నీళ్లు పోసి, ఆరబెట్టి, పైపైన నూనె రాసి, యథాస్థానంలో బోర్లించాను.

తెల్లారితే పెళ్లివారి సారెకి రేకులు తియ్యాలి. ఆఫీసుకి సెలవు పెట్టి ఉండిపోయాను, చూడటానికి. ఒక్క రేకు లేవలేదు. సత్యవతి పిండి మార్చింది, గుడ్డ మార్చింది, మంట తగ్గించింది. చేతివేళ్లు కాల్చుకుంది. మధ్యాహ్నానికి పెళ్లివారు ఇంకో ఇంటికి పోయారు. మంగమ్మగారు చల్లారిన కుండని చేత్తో తడిమి చూసి, నన్ను దొడ్లోకి పిలిచారు.

“అమ్మాయ్, కుండెవరైనా కడిగేరా?”

“నాకేం తెలుసండీ పిన్నిగారూ.”

“నిన్న ఇంట్లో ఉన్నావు కదమ్మా నువ్వు.”

“ఆయ్, ఉన్నానండి. సత్యవతి నూతి దగ్గరేదో తోముతున్నట్టు కనిపించిందండి. కుండో కాదో నేను చూళ్లేదు.”

“చదువుకున్న పిల్లవి. అబద్ధం ఆడాల్సిన పని నీకేంటిలే.”

కుండో కాదో చూళ్లేదన్నాను, చూశారా? నిండు అబద్ధం ఆడే ధైర్యం లేక సగం ఆడాను. సగమే సరిపోయింది.

సత్యవతి దీపం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. కడిగినందుకు కాదు, కడగలేదని అబద్ధం ఆడుతోందని మంగమ్మగారి మనసు విరిగింది. కువైట్‌నుంచి మొగుడు ఫోన్లో తిట్టాడు. నేను బయల్దేరుతుంటే సత్యవతి వీధి చివరిదాకా వెంట వచ్చి, ఒక్క మాట సాయం చెప్పమని నా చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చేస్తోందన్నాను. నిజానికి బస్సుకింకా అరగంట ఉంది.

ఆ వారం కొండెక్కాను. పైన కూర్చుని కేకు తిన్నాను. ఆకలి బాగానే వేసింది. ఆ రాత్రి నిద్ర కూడా బాగానే పట్టింది. నా మీద నాకు భయం వేసేది ఇక్కడే.

ఆర్నెల్లకి సత్యవతి కాట్రేనికోనలో పుట్టింటికి చేరింది. అక్కడ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి కుదిరిందని తెలిసింది. ఉల్లిపొరలా రేకు లాగిన ఆ పూలచెయ్యి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసులో ఉంటుందన్నమాట. మొగుడు మళ్లీ తీసుకురాలేదు.

ఒంటరిదైపోయిన మంగమ్మగారికి నేనే దిక్కయ్యాను. నెలల తరబడి ఇద్దరం నూనె రాస్తూ, కాలుస్తూ ఆ కుండని మళ్లీ దారికి తెచ్చాం. నా గట్టి చేతికి ఆవిడే ఓపిగ్గా రేకు నేర్పారు. పోయేముందు కుండ నాకిచ్చారు. ఆ ఇంట్లో నిజం చెప్పినదాన్ని నేనొక్కదాన్నేనట. అందుకని ఇచ్చారు. నేను రెండు చేతులా పుచ్చుకున్నాను.

కాట్రేనికోన ఎంత దూరం? ఒక్క బస్సు మారితే చాలు. బస్టాండు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి వెళతానని మీకు మాట ఇవ్వను, నా మాట సంగతి మీకు తెలిసిపోయింది. ఇది రాస్తుంటే ప్రాణం కాస్త తేలికపడింది. ఆ సుఖం కూడా నాకే, సత్యవతికి ఏమీ లేదు.

కుండ ఇప్పటికీ నా వంటింట్లోనే ఉంది. రేకు బాగా వస్తుంది. తిన్నవాళ్లంతా నా చేతిని మెచ్చుకుంటారు. దాన్ని ఆ రోజు కడిగింది సత్యవతి కాదు. నేను.